చక్రవర్తుల వెంట్రుకల్లో ఆర్సెనిక్: ఇరుక్కుపోయిన ఒక థీసిస్ బయటపడిన తీరు

నేపథ్యం

నేను విశ్వవిద్యాలయంలో ప్రపంచ చరిత్ర చెబుతాను, పరిశోధక విద్యార్థులకు గైడ్‌గా ఉంటాను. కోవిడ్ తర్వాత మా దగ్గరికి వచ్చే సినాప్సిస్‌లలో, అంటే పరిశోధన ప్రతిపాదనల్లో, జబ్బులు, వైద్యం, మరణాల మీద రాసేవి బాగా పెరిగాయి. సంతోషమే. అయితే వాటిలో చాలా భాగం ఒకేచోట ఇరుక్కుంటున్నాయి. ఎప్పుడో పోయిన మనిషికి ఇవాళ కూర్చుని రోగనిర్ధారణ చేయబోతారు, అక్కడే బండి ఆగిపోతుంది. అలా ఆగిపోయి మళ్లీ కదిలిన ఒక థీసిస్ గురించి ఇక్కడ రాస్తున్నాను. విద్యార్థిని ఎవరో పోల్చుకోగలిగే వివరాలన్నీ తీసేశాను. ఆమె చదివి సరేనన్నాకే దీన్ని బయటపెడుతున్నాను.

ఆమె సైన్స్ డిగ్రీ చేసి ఎం.ఏ. చరిత్రకు వచ్చిన అమ్మాయి. కష్టపడుతుంది. అంకె కనిపిస్తే వదలదు. ఎంచుకున్న అంశం పెద్దది: పదిహేడో శతాబ్దం నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదటి వరకు చైనా, యూరప్ పాలకుల శరీరాలు, వాళ్ల అనారోగ్యాలు, వాటి చుట్టూ నడిచిన రాజకీయం. చైనా భాష రాదు కాబట్టి అనువాదమైన పత్రాలు, ఇంగ్లీషులో వచ్చిన పరిశోధనలు ఆధారం. ఫ్రెంచ్ కొంత నేర్చుకుంది. ఈ పరిమితి మాకు మొదటి రోజు నుంచీ తెలుసు. అందుకే కొత్త పత్రం కనుక్కోవడం కాకుండా, ఇప్పటికే అచ్చయిన ఆధారాలను పక్కపక్కన పెట్టి సరిగా చదవడమే పనిగా పెట్టుకున్నాం.

వచ్చిన చిక్కు

ఏడాది తర్వాత రెండు అధ్యాయాల ముసాయిదా తెచ్చింది. భాష బాగుంది, చదివించే గుణం ఉంది. కానీ రెండూ నిలబడేవి కావు.

మొదటి అధ్యాయం వాదన ఇది: యూరప్‌లో రాజు శరీరం అందరూ చూసేది, చైనాలో చక్రవర్తి శరీరం ఎవరికీ కనబడనిది. ఫ్రాన్స్ రాజు పదునాలుగో లూయీ నిద్ర లేవడం, భోంచేయడం, చివరికి చనిపోవడం కూడా కొలువు కళ్లముందే జరిగాయి. బీజింగ్‌లో మాత్రం గోడల వెనుక గోడలు, నపుంసకులు, తెరలు.

రెండో అధ్యాయం విషప్రయోగాల మీద. 1908 నవంబరు 14న చైనా చక్రవర్తి గ్వాంగ్‌షూ చనిపోయాడు, వయసు 37. మర్నాడే ఆయన్ని పదేళ్లపాటు ఇంచుమించు బందీగా ఉంచిన రాజమాత సీషీ చనిపోయింది. 1821 మే 5న సెయింట్ హెలీనా ద్వీపంలో, ఇంగ్లీషువాళ్ల బందీగా ఉన్న నెపోలియన్ చనిపోయాడు. ఇద్దరి వెంట్రుకల్లోనూ ఆర్సెనిక్, అంటే మన పాత వైద్యులు పాషాణం అనే విషం, దొరికింది. కాబట్టి ఇద్దర్నీ విషం పెట్టి చంపారు, ఒకర్ని సీషీ, ఇంకొకర్ని ఇంగ్లీషువాళ్లు. ఇదీ ఆమె తేల్చిన విషయం.

“అంకె ఉంది కదా మేడమ్. 1961లోనే నెపోలియన్ వెంట్రుకలో గ్రాముకి 10.38 మైక్రోగ్రాములని తేల్చారు. మామూలు మనిషికి ఒకటి కూడా ఉండదు,” అంది.

ఆ అంకె తప్పు కాదు. స్వీడన్, స్కాట్లండ్ పరిశోధకులు కలిసి ప్రకటించిందే. చిక్కల్లా ఆ “మామూలు మనిషి” ఎవరన్న దగ్గర ఉంది. కానీ ఆ మాట నేను వెంటనే అనలేదు. గైడ్ చెప్పింది కదా అని మార్చుకుంటే వచ్చే అధ్యాయంలో మళ్లీ అదే జరుగుతుంది. తన దారిలోనే కొంత దూరం పోనిచ్చి, అది ఎక్కడ ఆగుతుందో తనే చూస్తే గట్టిగా పడుతుందనుకున్నాను.

మొదట పట్టిన దారి

గ్వాంగ్‌షూ విషయంలో ఆర్సెనిక్ కంటే ముందు మరో ఆధారం ఉంది. గ్వాంగ్‌షూది చింగ్ రాజవంశం. ఆ కొలువులో వైద్యులు నాడి చూసిన ప్రతిసారీ లక్షణాలు, మందుచీటీ రాసి పెట్టేవారు. ఆ కాగితాలు వేల సంఖ్యలో బీజింగ్‌లోని మొదటి చారిత్రక పత్రాగారంలో ఉన్నాయి. 1980ల్లో పరిశోధకులు వాటిని చదివి, గ్వాంగ్‌షూ ఏళ్ల తరబడి ముదిరిన జబ్బులతో సహజంగానే పోయాడని తేల్చారు. అంటే కాగితం ఒకటి చెబుతోంది, వెంట్రుక ఇంకొకటి చెబుతోంది.

ఆమె కాగితం వైపు నుంచి మొదలుపెట్టింది. చక్రవర్తి లక్షణాలన్నీ ఒక పట్టికగా వేసింది. వాటిలో అన్నిటికంటే విలువైనది ఆయన 1907లో తన జబ్బు గురించి తనే చెప్పుకున్న వివరణ. దాదాపు ఇరవై ఏళ్లుగా వీర్యస్ఖలన బాధ, మొదట్లో నెలకు పదిసార్లకు పైగా, తర్వాత రెండు మూడుసార్లు. పదేళ్లుగా చెవుల్లో హోరు. నడుము నొప్పి, కాళ్లు చల్లబడటం. ఒక సామ్రాజ్యాధిపతి తన ఒంటి సంగతి ఇంత విడమరచి చెప్పుకోవడం చదువుతుంటే మనసు కదిలిపోతుంది. ఆ వివరణను థీసిస్‌లో పూర్తిగా ఉంచమని అప్పుడే చెప్పాను.

ఈ పట్టికను పేరు, దేశం, కాలం లేకుండా తెలిసిన ఇద్దరు ఫిజీషియన్లకు చూపించాలన్నది ఆమె ఆలోచన. నేను ఒప్పుకున్నాను. పేరు తెలియకపోతే సీషీ కథ వాళ్ల బుర్రలో ఉండదు, పక్షపాతం తగ్గుతుంది. ఆ లెక్కన పద్ధతి సరైనదే.

ఒకరు క్షయ అన్నారు, దాంతో పాటు డిప్రెషన్. మరొకరు నరాల జబ్బు, బహుశా దీర్ఘకాలపు కిడ్నీ సమస్య అన్నారు. ఇద్దరూ పట్టికలోంచే సాక్ష్యం చూపించారు. ఇద్దరూ చివర్లో అడిగింది కూడా ఒకటే: “బ్లడ్ రిపోర్టులు లేవా? రోగిని పరీక్ష చేసింది ఎవరు?”

అది ఎందుకు పనిచేయలేదు

ఆ రెండో ప్రశ్న దగ్గరే ఆగాం. రోగిని పరీక్ష చేసింది ఎవరు?

1908లో రాష్ట్రాల నుంచి పేరున్న వైద్యుల్ని బీజింగ్‌కు పిలిపించారు. వాళ్లలో డూ జోంగ్‌జున్ అనే ఆయన తన అనుభవం రాసి పెట్టాడు. ఆరుగురు వైద్యులు, రోజుకొకరు చొప్పున వంతు. ముందురోజు వచ్చినవాడు ఏం రాశాడో తర్వాతివాడికి తెలియదు, ఒకరితో ఒకరు మాట్లాడుకునే వీల్లేదు. ఇలాగైతే జబ్బు ఎలా నయమవుతుందని ఆయన వాపోయాడు. ఈ సంగతి తెలిశాక ఆ పట్టికను మళ్లీ చూస్తే అర్థం మారిపోతుంది. మనం ఒక రోగి చరిత్ర అనుకున్నది నిజానికి ఆరుగురు విడివిడిగా, భయంభయంగా రాసిన ముక్కల కట్ట. సోమవారం లక్షణం మంగళవారం కనబడలేదంటే జబ్బు తగ్గిందని కాదు, రాసిన చెయ్యి మారిందని కూడా కావచ్చు.

భయం అన్న మాట ఊరికే వాడలేదు. చక్రవర్తి తన వైద్యంలో ఉండగా పోతే వైద్యుడికి శిక్ష తప్పేది కాదు. అందుకే కాగితం మీద పదం ఎప్పుడూ ఆచితూచి పడుతుంది.

ఇది చైనాకే ఉన్న రోగం అనుకోకుండా ఆమెను వెంటనే ఫ్రాన్స్ వైపు తిప్పాను. పదునాలుగో లూయీకి కూడా ఒక ఆరోగ్య దినచర్య పుస్తకం ఉంది. 1647లో కుర్రరాజుకు మశూచి సోకిన దగ్గర్నుంచి 1711 దాకా ముగ్గురు ప్రధాన వైద్యులు, వాలో, దకేన్, ఫాగోన్, వరసగా రాశారు. విరేచనాలు, రక్తం తీయడాలు, పళ్లు పీకినప్పుడు పై దవడ విరిగి, తాగిన నీళ్లు ముక్కులోంచి రావడం, అన్నీ అందులో ఉన్నాయి. ఇంత దాపరికం లేని పత్రం ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ వరసగా చదవండి. దకేన్ తనకు ముందున్న వాలోను తప్పుపడతాడు. 1693లో దకేన్ ఉద్యోగం పోయి ఫాగోన్ వచ్చాక, రాజుగారి దేహతత్వమే దకేన్‌కు అర్థం కాలేదంటాడు, షాంపేన్ మాన్పించి బర్గండీ వైన్ పట్టిస్తాడు. ఈ పుస్తకం రాజుగారి జబ్బులను ఎంత నమోదు చేసిందో, రాసినవాడి కుర్చీని అంత కాపాడింది. అదే ఫాగోన్ 1715లో రాజుగారి కాలి నొప్పిని సయాటికా, అంటే నరం నొప్పి, అనుకున్నాడు. అది గ్యాంగ్రీన్, కాలు కుళ్లిపోతోంది. సెప్టెంబరు 1న రాజు పోయాడు.

కాబట్టి లక్షణాల పట్టికను పక్కన పెట్టించాను. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. వెనక్కి చూసి రోగం చెప్పడమే పనికిరానిదని నేను అనను. మన ఫిజీషియన్లు పొరపాటు పడలేదు, వాళ్లకు మేమిచ్చింది కేస్ షీట్ కాదు, రాజ్యపు కాగితం. దాన్ని కేస్ షీట్‌లా చదివితే ఎవరు చదివినా అంతే.

మొదటి అధ్యాయం కూలిన చోటు

ఆ ప్రశ్ననే, అంటే ఎవరు చూశారు, ఎవరు రాశారు అన్నదాన్నే, మొదటి అధ్యాయానికి వేసి చూడమన్నాను. బహిరంగ రాజు, దాగిన చక్రవర్తి అన్న ఆ చక్కటి జంట రెండు వైపులా పగిలింది.

లూయీ వైపు 1686. రాజుకు మలద్వారం దగ్గర భగందరం, అంటే మానకుండా కారే పుండు. నెలల తరబడి లేపనాలు, పట్టీలు పనిచేయలేదు. నవంబరు 18 పొద్దున్నే వర్సాయ్‌లో ఫెలిక్స్ అనే శస్త్రవైద్యుడు కోసి నయం చేశాడు. ఆ గదిలో ఉన్నది రాజు గుట్టుగా పెళ్లాడిన మదాం ద మాంతెనాన్, మంత్రి లూవ్వా, రాజుగారి మతగురువు, వైద్యులు, అంతే. అంత బహిరంగంగా బతికిన రాజు కత్తి కింద పడుకున్నది కొలువుకు తెలియకుండా. పైగా అదే రోజు మంత్రిమండలి నడిపించాడు, రాజుకు ఏమీ కాలేదని చూపించడానికి.

చైనా వైపు 1874 డిసెంబరు. టోంగ్‌జీ చక్రవర్తికి పద్దెనిమిదేళ్లు, మశూచి సోకింది. కొలువంతా పండగ బట్టలు కట్టుకుంది, మశూచి దేవతకు పూజలు చేశారు. మన ఊళ్లలో అమ్మవారు పోసిందని వేపమండలు కట్టినవాళ్లకు ఇది వింతగా అనిపించదు. అసలు విశేషం తర్వాతిది. మంత్రులను పడకగదిలోకి పిలిపించి, దీపం దగ్గరగా పెట్టించి, చక్రవర్తి చేతి మీది పొక్కులు చూపించారు. గురువు వెంగ్ టోంగ్‌హ అది తన డైరీలో రాసుకున్నాడు. ఎవరికీ కనబడదనుకున్న శరీరాన్ని మంత్రులకు చూపించక తప్పలేదు, ఎందుకంటే జబ్బు నిజమని రాజ్యం నమ్మాలి. 1875 జనవరి 12న ఆయన పోయాక, సుఖవ్యాధితో పోయాడని బజారులో కథ పుట్టి ఇప్పటికీ తిరుగుతోంది. ఇక్కడ మాత్రం రోజువారీ మందుల నమోదు, వెంగ్ డైరీ, రెండూ మశూచినే చెబుతున్నాయి. రెండూ వేర్వేరు చేతులు, వేర్వేరు అవసరాలతో రాసినవి. అందుకే కాగితాన్ని ఇక్కడ నమ్మొచ్చు అన్నాను. గ్వాంగ్‌షూ దగ్గర కాగితాన్ని అనుమానించి టోంగ్‌జీ దగ్గర నమ్మడం రెండు నాల్కల ధోరణి కాదా అని ఆమె అడిగింది. మంచి ప్రశ్న. కాగితం మీద మనకు ముందే ఒక అభిప్రాయం ఉండకూడదు. పక్కన మరో సాక్షి ఉన్నాడా, ఆ సాక్షికి మొదటివాడితో సంబంధం లేదా అన్నదే చూడాలి.

చైనా ఇలా, యూరప్ అలా అన్న పోలిక పోయాక అధ్యాయం ఖాళీ అయిపోయిందని ఆమెకు బాగా టెన్షన్. కొన్ని వారాలు కలవనే లేదు. ఒక వాదన కూలగొట్టిన గైడు దాని చోట ఏదో ఒకటి నిలబెట్టుకునే దారి చూపించాలి, లేకపోతే విద్యార్థి థీసిస్‌నే వదిలేస్తుంది. అందుకే రెండు దేశాలకూ ఒకే ప్రశ్న వేయమన్నాను: రాజు ఒంట్లోకి వెళ్లే ముందు ఆ మందు ఎవరి ఒంట్లోంచి వెళ్లింది?

ఈ ప్రశ్న మేము అనుకున్నదానికంటే ఎక్కువ ఇచ్చింది. చింగ్ కొలువు నిబంధన ప్రకారం చక్రవర్తికి కషాయం కాచేటప్పుడు రెండు మోతాదులు ఒకే కుండలో కలిపి కాస్తారు. కాగాక రెండు పాత్రల్లో పోస్తారు. ఒక పాత్రలోది ముందు వైద్యుడు, తర్వాత వైద్యశాఖ అధికారి, ఆపైన నపుంసక సేవకుడు తాగాలి. ఆ తర్వాతే రెండో పాత్ర చక్రవర్తి ముందుకు వెళుతుంది. 1693లో కాంగ్‌షీ చక్రవర్తికి చలిజ్వరం వచ్చినప్పుడు ఫ్రెంచి జెసూట్ ఫాదరీలు సింకోనా బెరడు, అంటే క్వినైన్ తీసే చెట్టు బెరడు, తెచ్చారు. దాన్ని ముందు వేరే జ్వరరోగులకు ఇచ్చి చూశారు, తర్వాత పెద్ద అధికారులు తాగారు, ఆఖరున చక్రవర్తి. జ్వరం తగ్గింది, ఫాదరీలకు రాజనగరంలో ఇల్లు దక్కింది. ఆ ఫాదరీలను చైనాకు పంపింది పదునాలుగో లూయీనే. ఆ లూయీ, టాల్బర్ అనే ఇంగ్లీషు వైద్యుడి దగ్గర అదే సింకోనా మందు రహస్యాన్ని డబ్బిచ్చి కొన్నాడు. ఇక ఫెలిక్స్? రాజును కోసే ముందు నెలల తరబడి పారిస్ ఆసుపత్రుల్లో పేదరోగుల మీద సాధన చేశాడు, వంపు తిరిగిన ప్రత్యేకమైన కత్తి చేయించుకున్నాడు.

బీజింగ్‌లో అధికారి నాలుక, పారిస్‌లో పేదవాడి ఒళ్లు. రెండుచోట్లా రాజు శరీరం ముందు ఇంకొకరి శరీరం నిలబడింది. తేడా ఎక్కడుందంటే, చైనాలో ఆ నిలబడాల్సినవాళ్లెవరో చట్టం పేరుపేరునా చెప్పింది, ఫ్రాన్స్‌లో వాళ్ల పేర్లు ఎవరూ రాసుకోలేదు. ఈ వాక్యం ఆమెదే. థీసిస్ మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన వాక్యం.

అంకెలన్నీ ఒకే నిలువు వరసలో

ఇప్పుడు ఆర్సెనిక్ దగ్గరికి తిరిగొచ్చాం. ఆమెకు అంకెల మీద ఉన్న ప్రేమనే ఇక్కడ వాడుకోవాలనుకున్నాను. అచ్చయిన నివేదికల్లో రాజకుటుంబాల వెంట్రుకల్లో ఆర్సెనిక్ ఎంతుందో ఎక్కడెక్కడ దొరికితే అక్కడినుంచి తీసి, ఒక తెల్లకాగితం మీద ఒకే నిలువు వరసలో రాయమన్నాను. గ్రాముకి మైక్రోగ్రాముల్లో. ఎవరు చంపారు, ఎందుకు చంపారు అన్న కథ ఆ కాగితం మీద ఉండకూడదు.

కాగితం ఇలా తయారైంది. నెపోలియన్ 10.38. ఇంగ్లండు మూడో జార్జి 17. గ్వాంగ్‌షూ భార్య లోంగ్‌యూ 9.20. ఆ కాలానికే చెందిన ఒక చిన్న చింగ్ ఉద్యోగి ఎండిన శవం నుంచి తీసిన వెంట్రుక 18.2. గ్వాంగ్‌షూ 2404.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. నెపోలియన్ అంకె లోంగ్‌యూ అంకె పక్కన కూర్చుంది. లోంగ్‌యూకు విషం పెట్టారని ఎవరూ అనలేదు. గ్వాంగ్‌షూ వెంట్రుకను పరీక్షించిన బీజింగ్ పరిశోధకులు ఆమె వెంట్రుకను, ఆ ఉద్యోగి వెంట్రుకను తీసుకున్నదే పోల్చి చూడటానికి. అంటే 1961లో హత్యకు సాక్ష్యంగా నిలబెట్టిన మోతాదు, ఇంకోచోట విషం తినని మనిషిగా లెక్కకట్టినవారి మోతాదంతే. పంతొమ్మిదో శతాబ్దంలో ఆర్సెనిక్ మందుల్లో ఉంది, రంగుల్లో ఉంది, గోడకాగితాల్లో ఉంది. మూడో జార్జికి పిచ్చి తగ్గడానికి బలవంతంగా ఇచ్చిన, యాంటిమొనీ అనే ఖనిజంతో చేసిన మందుల్లోనే ఆర్సెనిక్ కలిసి ఉండేదని 2005లో ఆ 17ను ప్రకటించినవారు భావించారు. ఇవాళ్టి మనిషితో పోల్చి ఎక్కువ అనడం అందుకే చెల్లదు.

నెపోలియన్ విషయంలో దీన్ని నిలబెట్టే పరీక్ష కూడా జరిగింది. 2008లో ఇటలీ భౌతికశాస్త్రవేత్తలు ఒక చిన్న అణు రియాక్టర్‌లో ఆయన వెంట్రుకలను పరీక్షించారు. కోర్సికాలో పిల్లవాడిగా ఉన్నప్పటివి, ఎల్బాలో ప్రవాసంలో ఉన్నప్పటివి, చనిపోయాక కోసినవి. అన్నిటిలో ఆర్సెనిక్ ఇప్పటివాళ్లకంటే దాదాపు వందరెట్లు ఉంది, కానీ చిన్నప్పటికీ చివరికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంగ్లీషువాళ్లు చిన్నప్పటి నెపోలియన్‌కు విషం పెట్టలేదు కదా. చనిపోయిన మర్నాడు ఆయన సొంత వైద్యుడు ఆంతోమార్కీ, బ్రిటిష్ వైద్యుల ముందే చేసిన శవపరీక్షలో కడుపు బాగా దెబ్బతిని కనిపించింది. తండ్రి పోయింది కూడా కడుపులో పుట్టిన క్యాన్సర్‌తోనే.

అదే 2008 నవంబరులో, అలాంటి అణు పద్ధతితోనే చేసిన గ్వాంగ్‌షూ ఫలితం బయటికొచ్చింది. ఒకే విషం, ఒకే ఏడాది, ఒకే రకం పరీక్ష, ముగింపులు మాత్రం ఎదురెదురు. నెపోలియన్‌ది విషం కాదు, గ్వాంగ్‌షూది విషమే. ఈ రెండింటినీ ఎదురెదురుగా పెట్టడమే రెండో అధ్యాయమని ఆ రోజే నిర్ణయించాం.

2404ను కూడా ప్రశ్నించాలి

ఇక్కడ తొందరపడే ప్రమాదం ఉంది. అంకె పెద్దది కాబట్టి హత్య అని రాసేస్తే మళ్లీ మొదటికే వస్తాం. అందుకని ఆ అంకె ఎలా పుట్టిందో చివరిదాకా తవ్వమన్నాను.

వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఒంట్లోకి వెళ్లిన ఆర్సెనిక్ కుదుళ్ల దగ్గర చేరి, వెంట్రుకతో పాటు పైకి జరుగుతూ వస్తుంది. కాబట్టి ఒకటి రెండు రోజుల్లో చంపే మోతాదు పెడితే, వెంట్రుక దాన్ని నమోదు చేసేలోపే మనిషి పోతాడు. మరి గ్వాంగ్‌షూ వెంట్రుకలో అంత ఆర్సెనిక్ ఎక్కడినుంచి వచ్చింది? ఇదే ఆమెను నిద్రపోనివ్వని ప్రశ్న. జవాబు పరిశోధకుల నివేదికలోనే ఉంది. వాళ్లు వెంట్రుకను సెంటీమీటరు ముక్కలుగా కోసి ఒక్కో ముక్కనూ పరీక్షించారు. అత్యధిక మోతాదు కుదురు దగ్గర లేదు, మధ్యలో ఉంది, అదీ ఒక్కసారిగా లేచి పడిపోతుంది. నెలల తరబడి కొద్దికొద్దిగా పెట్టిన విషం అలా కనబడదు. బయటినుంచి అంటుకుంటేనే అలా కనబడుతుంది.

బయటినుంచి అంటే సమాధిలోని మట్టి, నీళ్లు కావచ్చు కదా. అందుకే వాటినీ పరీక్షించారు, అక్కడ అంత లేదు. బట్టలు పరీక్షిస్తే కడుపు భాగాన్ని తాకి ఉన్నచోట ఎక్కువగా దొరికింది. శవం కుళ్లినప్పుడు కడుపులోని పదార్థం బయటికొచ్చి బట్టలకూ జడకూ పట్టిందన్నమాట. పరీక్షించిన అవశేషాల్లో అంతా కలిపి 201 మిల్లీగ్రాముల ఆర్సెనిక్ ట్రయాక్సైడ్, అంటే పాషాణం, లెక్కతేలింది. మనిషిని చంపడానికి 60 నుంచి 200 మిల్లీగ్రాములు చాలు.

ఆ సమాధిని 1938లో దొంగలు తవ్వారు, 1980లో అధికారులు తెరిచి సర్దారు. ఈ రెండు సంగతులూ అధ్యాయంలో ఉండాలని పట్టుబట్టాను. సాక్ష్యం ఎవరెవరి చేతులు దాటి వచ్చిందో చెప్పకుండా సాక్ష్యం చెప్పకూడదు. వాటిని చెప్పినా వాదన బలహీనపడలేదు, ఎందుకంటే దొంగలు కడుపు దగ్గరే ఆర్సెనిక్ పోసి వెళ్లరు.

అప్పుడు కొలువు వైద్యుల కాగితాలు అబద్ధమా? కాదు. ఇరవై ఏళ్ల జబ్బులూ నిజమే, చివర్లో విషమూ నిజమే కావచ్చు. 1980ల పరిశోధకులు కాగితాల్లో ఉన్నదాన్ని సరిగానే చదివారు. కాగితంలో లేనిదాన్ని కాగితం చెప్పలేదు. విషం పెట్టారని అనుమానం వచ్చిన వైద్యుడు దాన్ని ఏ పుస్తకంలో రాస్తాడు? ఆ పుస్తకం ముందుగా ఎవరి చేతికి వెళుతుంది? ఈ రెండు ప్రశ్నలు రాసుకోగానే ఆమెకు మొదట్లో ఎదురైన వైరుధ్యం దానంతటదే విడిపోయింది.

హంతకుడి పేరు

ఒక్క పేచీ మిగిలింది. సీషీ చంపించిందని రాయాలని ఆమె. రాయొద్దని నేను. సీషీ మంచంలో ఉండి కూడా తన కంటే ముందు అతను పోవాలని చూసిందన్న కథ అందరికీ తెలుసు. సేనాని యువాన్ షికాయ్ మీద, నపుంసక ప్రముఖుడు లీ లియన్‌యింగ్ మీద కూడా అనుమానాలున్నాయి. ముగ్గురికీ అతను బతికితే నష్టమే. కానీ నష్టం ఉండటం వేరు, ఆజ్ఞ ఇవ్వడం వేరు. ఆర్సెనిక్ ఎంత ఉందో రియాక్టర్ చెప్పగలదు, ఎవరి చేయి కలిపిందో చెప్పలేదు. అలాంటి ఆజ్ఞకు కాగితం దొరకలేదు.

“అంత చదివి చివర్లో పేరు చెప్పకపోతే చదివేవాళ్లు నిరాశపడరా మేడమ్?” అంది.

“పడతారమ్మా. పడనివ్వు,” అన్నాను. నిర్ధారణ ఎంతవరకు వచ్చిందో అంతవరకే వాక్యం రాయాలి. చివరికి ఆమె రాసిన వాక్యం ఇది: గ్వాంగ్‌షూ తీవ్రమైన ఆర్సెనిక్ విషప్రభావంతో మరణించాడు, దానివల్ల లాభపడేవారు ఒకరికంటే ఎక్కువమంది ఉన్నారు. అంతకుమించి ఒక్క ముక్క లేదు.

ఇంకొకరికి పనికొచ్చేవి

ఈ అనుభవంతో నా గైడింగ్‌లో కొన్ని మారాయి. రాజుల జబ్బుల మీద ఎవరు సినాప్సిస్ తెచ్చినా రోగం పేరు శీర్షికలో పెట్టనివ్వడం లేదు. ముందు ఆధారం పుట్టుక గురించి ఒక అధ్యాయం రాయిస్తున్నాను. రోగిని చూసే అనుమతి ఎవరికి ఉంది, తాకే అనుమతి ఎవరికి ఉంది, రాసినది ఎవరు చదువుతారు, రోగి పోతే రాసినవాడి గతి ఏమిటి. వైద్యులతో కలిసి పనిచేసేటప్పుడు వాళ్లకు లక్షణాల పట్టిక ఒక్కటే ఇవ్వడం లేదు, ఈ అధ్యాయం కూడా ఇస్తున్నాను. అది చదివాక వాళ్లు వేసే ప్రశ్నలు ఎంతో పదునుగా ఉంటున్నాయి.

ప్రయోగశాల అంకె ఏది వాడినా, అదే కాలంలో అదే చోట బతికిన, అనుమానం లేని మనిషి అంకె పక్కన ఉండాలి. అది దొరకకపోతే అంకె గురించి చెప్పొచ్చు, దాన్నిబట్టి తీర్పు చెప్పకూడదు. దేశాలను పోల్చేటప్పుడు చైనా ఇలా, యూరప్ అలా అని గుణాలు పంచే బదులు, రెండింటికీ ఒకే ప్రశ్న వేస్తే అసలు తేడా బయటపడుతుంది. మశూచి టీకా సంగతే చూడండి. తన తండ్రి షున్‌జీ 1661లో మశూచితో పోతే, చిన్నతనంలోనే మశూచి పోసి బతికి బయటపడ్డాడన్నది కూడా కాంగ్‌షీని సింహాసనానికి ఎన్నుకోవడంలో ఒక కారణం. ఆయన పదిహేడో శతాబ్దంలోనే తన పిల్లలకు పొక్కుల పదార్థంతో టీకా వేయించాడు. ఫ్రాన్స్‌లో పదిహేనో లూయీ 1774 మేలో మశూచితో పోయాకే కొత్త రాజు వేయించుకున్నాడు. వారసుడు ఎవరు అన్న ప్రశ్న రెండుచోట్లా ఒకటే, జవాబులో దాదాపు వందేళ్ల దూరం ఉంది.

ఈ పద్ధతికి హద్దు కూడా ఉంది. గ్వాంగ్‌షూ విషయంలో సమాధి తెరుచుకుంది, వెంట్రుక దొరికింది, పోల్చడానికి ఇంకో రెండు వెంట్రుకలు దొరికాయి. అన్నిసార్లూ అలా జరగదు. ఇప్పుడు మరో విద్యార్థి 1735లో హఠాత్తుగా పోయిన యోంగ్‌జెంగ్ చక్రవర్తి మీద పనిచేస్తానని వచ్చాడు. తావో సాధువుల రసాయన గుళికలే ప్రాణం తీశాయన్నది బాగా ప్రచారంలో ఉన్న వాదన. చనిపోవడానికి దాదాపు రెండు వారాల ముందు వేసవి ప్రాసాదానికి సీసం వెళ్లినట్టు కొలువు లెక్కల్లో ఉంది. పోయిన వెంటనే కొత్త చక్రవర్తి చియన్‌లోంగ్ ఆ సాధువులను వెళ్లగొట్టాడు. సమాధి మాత్రం ఇప్పటికీ తెరవలేదు. ఆ కుర్రాడికి సీసం లెక్కలు, వెళ్లగొట్టిన ఆజ్ఞ, వైద్యుల మౌనం, ఈ మూడింటి మీద అధ్యాయం రాయమన్నాను. మరణకారణం అన్న ఉపశీర్షిక మాత్రం పెట్టొద్దన్నాను.